పెన్నకు ఎన్ని రోజులు?

విడవలూరు రొయ్యల చెరువు నీళ్లకూ ఇంగ్లండు నదుల పొడవుకూ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? చెరువు నుంచి వదిలే నీళ్లకు బీఓడీ చూస్తారు. నీళ్లను సీసాలో మూతపెట్టి, చీకట్లో, 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచుతారు. అందులోని మురికిని తింటూ సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడేశాయన్నదే బీఓడీ. మరి 5 రోజులే ఎందుకు? బ్రిటన్‌లో ఏ నదికైనా సముద్రం చేరడానికి అంతకు మించి పట్టదట! ఆ తర్వాత ఏమైనా సముద్రం గొడవ. పాఠ్యపుస్తకాలు చెప్పే ఈ కారణం చదివాక నాకు ఆ సీసా మీద మమకారం పుట్టింది.

కథ కంపుతో మొదలైంది. 1858 వేసవిలో థేమ్స్ వాసనకు పార్లమెంటు సభ్యులు కూర్చోలేకపోయారు. కిటికీ తెరలను బ్లీచింగ్ ద్రావణంలో తడిపి వేలాడదీశారు. ముక్కుకు తగిలితే తప్ప పాలకులు కదలరన్నది అప్పటికే రుజువైంది. 1888లో హంగరీకి చెందిన వింక్లర్ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ఉపాయం కనిపెట్టాడు. మాంగనీసు, అయొడిన్ రసాయనాలు కలిపి, చివర పిండిద్రావణం వేసి, ఆ నీలిరంగు విరిగేదాకా బొట్టుబొట్టుగా మందు వదలడమే. ఎంత ముచ్చటైన పనో! 1898లో బ్రిటన్‌లో మురుగునీటిపై రాయల్ కమిషన్ వేశారు. అది 1915 దాకా సాగింది. 1912 నాటి ఎనిమిదో నివేదికలో లీటరుకు 20 మిల్లీగ్రాముల బీఓడీ హద్దు పెట్టింది. దానికో షరతు కూడా ఉంది: వదిలే మురుగుకు కనీసం 8 రెట్ల నది నీళ్లు కలవాలి.

మన దగ్గర 1974లో నీటి చట్టం, 1986లో పర్యావరణ చట్టం వచ్చాయి. 1990లలో మన ఎండకు తగ్గట్టు 27 డిగ్రీల దగ్గర 3 రోజుల పరీక్ష తెచ్చారు. బాగుంది. 5 రోజుల లెక్క పెట్టిన ఆ రాయల్ కమిషన్ పెద్దలు 597 కిలోమీటర్ల పెన్నను చూసివుంటే ఎన్ని రోజులు రాసేవారో! ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే మన పెన్న, ఎండాకాలం చాలాచోట్ల ఇసుకే.

ఈలోగా తీరమంతా రొయ్యల చెరువులు లేచాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు వాటికి ముకుతాడు వేసింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాయి. ఆ చట్టం కింది మార్గదర్శకాల్లో పాత 5 రోజులే నిలిచాయి. బీఓడీ హద్దు సముద్రంలోకి వదిలితే లీటరుకు 50 మిల్లీగ్రాములు, ఉప్పుటేరులోకైతే 20. అదీ ఏ ఏటి నుంచి నీళ్లు తోడుకుంటారో ఆ ఏట్లోకే వదిలినప్పుడు.

రైతుకు ఈ లెక్క కొత్తదేం కాదు. తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్య పైకి తేలుతుందని, ఏరేటరు ఆగకూడదని అతనికి తెలుసు. అయితే అతని పరీక్షలన్నీ గట్టు లోపలే.

లండన్ నుంచి 20 అన్న అంకె వచ్చింది గానీ, దానికి ప్రాణమైన 8 రెట్ల షరతు దారిలో జారిపోయింది. వేసవిలో పారని ఏటికి అంకె ఒక్కటే అప్పగించడం కాగితం పని, కాపలా కాదు. విడవలూరు రైతులారా, మీ చెరువు నీళ్లతోపాటు ఏటి నీళ్లు కూడా ఒక సీసా ల్యాబుకు పంపండి. రేపు మీరు తోడుకునేది ఆ నీళ్లే.