ఐసిస్: ఆఖరిదాకా నిలిచిన ఈజిప్టు తల్లి

ఈజిప్టు దేవతల్లో ఆఖరిదాకా పూజలందుకున్న ఐసిస్‌కు మొదట్లో చెప్పుకోదగ్గ సొంత గుడి లేదు. ఆమె మనకు కనిపించేది సక్కారాలో, ఊనాస్ రాజు పిరమిడ్ లోపలి గోడల మీద. క్రీ.పూ. 2350 ప్రాంతంలో చెక్కిన ఆ మంత్రాల్లో ఆమె పనల్లా వెతకడం, ఏడవడం. ఆ మంత్రాల్లో చనిపోయిన రాజే ఆమె భర్త ఒసైరిస్. అతని శవం దగ్గర ఐసిస్, చెల్లెలు నెఫ్తిస్ గద్దల రూపంలో శోకాలు పెడతారు.

ఆ శోకంలోనే ఆమె బలమంతా ఉంది. సేత్ తన అన్న ఒసైరిస్‌ను చంపి ముక్కలు చేసి చెల్లాచెదురు చేశాడు. భార్య ఐసిస్ దేశమంతా తిరిగి ఆ ముక్కలు ఏరి, చేర్చి కట్టి, అతనివల్లే హోరస్‌ను కన్నది. సేత్ కంటపడకుండా డెల్టా చిత్తడి నేలల్లో, పాపిరస్ పొదల మాటున బిడ్డను పెంచింది. అక్కడ పాములూ తేళ్ళూ. పసిబిడ్డను తేలు కుడితే తల్లడిల్లని ఇల్లు ఆ దేశంలో ఉండి ఉండదు. రాజుల సమాధుల్లోని దేవత సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది ఈ దారినేనని నా నమ్మకం.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక రాతి పలక ఉంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో, రెండవ నెక్టనెబో ఏలుబడిలో చెక్కింది. దాని మీద బాల హోరస్ మొసళ్ళ మీద నిలబడి పాముల్ని, తేళ్ళను పిడికిళ్ళతో పట్టుకుని ఉంటాడు. ముందూ వెనకా పక్కలా అన్నీ మంత్రాలే. ఇలాంటి పలకల మీద నీళ్ళు పోసి, అక్షరాలను తడుపుతూ జారిన ఆ నీటిని విషమెక్కినవాళ్ళ చేత తాగించేవారు. ఆ మంత్రాల్లో ఒక కథ ఉంది. ఏడు తేళ్ళను వెంటబెట్టుకొచ్చిన ఐసిస్‌ను చూసి ఒక కలవారి ఇల్లాలు తలుపేసుకుంది. ఒక తేలు తలుపు కిందనుంచి దూరి ఆమె కొడుకును కుట్టింది. ఐసిస్ పగబట్టలేదు. పిల్లవాడి మీద చేతులుంచి, తేళ్ళను పేరుపేరునా పిలిచి విషం దించేసింది. జనం ఆమెను ఎందుకు వదులుకోలేకపోయారో తెలియడానికి నాకు ఈ కథ చాలు.

తర్వాత్తర్వాత ఆమె ఇతర దేవతల మహిమలనూ తనలో కలుపుకుంది. హాథోర్ ఆవుకొమ్ములు, వాటి నడుమ సూర్యబింబం ఆమె తలమీదికి చేరాయి. టోలెమీల కాలానికి అలెగ్జాండ్రియాలో ఓడలను కాచే దేవతైంది. నావికులూ వర్తకులూ ఆమెను డెలోస్‌కు, పాంపేకు, రోముకు తీసుకెళ్ళారు.

ఎర్రసముద్రం ఒడ్డున భారతదేశపు మిరియాలు దిగిన బెరెనికే రేవులోనూ ఆమెకు గుడి ఉంది. ఆ గుడి తవ్వకాల్లో బయటపడిన బుద్ధ విగ్రహం గురించి 2023లో ప్రకటించారు. దానితోపాటు ఒక సంస్కృత శాసనం, 2వ శతాబ్దానికి చెందిన రెండు శాతవాహన నాణేలు కూడా దొరికాయి. మన దక్కను నాణెం ఐసిస్ గుడిదాకా వెళ్ళిందన్నమాట! దాన్ని మోసుకెళ్ళిన మనిషి ఆమెకు దండం పెట్టి ఉంటాడా అని ఆలోచించకుండా ఉండలేను.

4వ శతాబ్దం చివర్లో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ పాత దేవతల పూజలను నిషేధించాడు. అయినా నైలు నదిలోని ఫిలే దీవిలో ఐసిస్ గుడి నడిచింది. మనకు తెలిసిన ఆఖరి హైరోగ్లిఫ్ శాసనం అక్కడిదే, క్రీ.శ. 394 ఆగస్టు 24 నాటిది. దక్షిణాన ఉన్న తెగలు ఆమెను అంతగా కొలిచేవి కాబట్టే 5వ శతాబ్దం నడుమ రోమన్లు వాళ్ళతో చేసుకున్న ఒప్పందంలో ఫిలే గుడికి వచ్చే హక్కు, విగ్రహాన్ని తమ ప్రాంతానికి తీసుకెళ్ళి తిరిగి తెచ్చే హక్కు కూడా రాసుకున్నారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి ఆ గుడిని మూయించాడు. పూజారులను చెరలో వేశారు, విగ్రహాలను కాన్‌స్టాంటినోపుల్‌కు తరలించారు. గుడి లోపల స్తెఫాను పేర చర్చి వెలిసింది. ఆస్వాన్ ఆనకట్టల నీళ్ళలో మునిగిన ఆ కట్టడాన్ని 1970లలో రాయి రాయిగా విప్పి, పక్కనే ఉన్న అగిల్కియా దీవి మీద మళ్ళీ నిలబెట్టారు.