పత్రికా రచన స్వభావం: ‘ఇమ్రోజ్’ నేర్పే పాఠం

జరిగింది జరిగినట్టు చెప్పడమే పత్రికా రచన అనీ, ఏ పక్షమూ వహించకపోవడమే దాని ధర్మమనీ ఒక వాదం ఉంది. ఈ వాదాన్ని సూత్రాలతో కంటే చరిత్రతో పరీక్షించడం మేలు. హైదరాబాదు రాజ్యంలో వెలువడిన ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రిక అందుకు గీటురాయి.

నిజాం పాలనలో సభ జరపాలంటే ముందుగా అనుమతి కావాలి. అలాంటి చోట పత్రికే సభావేదిక అయింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన ప్రారంభమైన ‘గోలకొండ పత్రిక’ తెలంగాణ ప్రజల స్థితిగతులను వారి భాషలోనే వారి ముందు పెట్టింది. మందుముల నరసింగరావు ‘రయ్యత్’ రైతు పేరుతో, పాలకుల భాష అయిన ఉర్దూలో వచ్చింది. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్, ప్రభుత్వం దాన్ని మూయించాక 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ ప్రారంభించాడు. ఆ మాటకు ‘నేడు’ అని అర్థం.

ఆనాటి సంక్షోభాన్ని రజాకార్ల నాయకత్వం మతాల తగాదాగా చూపదలచింది. వెట్టిచాకిరీ, జాగీర్ల దోపిడీ, నిరంకుశత్వం ఆ ముసుగులో మరుగున పడాలి. ఒక ముస్లిం సంపాదకుడే ఉర్దూలో రజాకార్ల దౌర్జన్యాలను ఖండించి, హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలని రాయడంతో ఆ ముసుగు చిరిగింది. 1948 ఆగస్టులో ఇదే కోర్కెతో ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటననూ ‘ఇమ్రోజ్’ అచ్చువేసింది. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని ఇంటికి వెళ్తున్న షోయబుల్లాఖాన్‌ను కాచిగూడ ప్రాంతంలో కాల్చి, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి మరణించాడు. అప్పటికి 28 ఏళ్ళు నిండలేదు.

అతను తటస్థుడు కాడు. కాని అతను రాసింది అబద్ధమా? పక్షం వహించడం వేరు, వాస్తవాన్ని వక్రీకరించడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపే ‘నిష్పాక్షికత’ ఆనాడు ఎవరికి మేలు చేసేదో వేరే చెప్పనక్కరలేదు. వాస్తవం తనంత తాను బయటపడదు. దాన్ని దాచడంలో ప్రయోజనం ఉన్నవాళ్ళు ఉన్నంతకాలం, చెప్పడం కూడా ఒక పక్షమే అవుతుంది.

నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. భూమి ప్రశ్న మాత్రం లొంగలేదు. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. పాలకులు మారినంత మాత్రాన పత్రిక పని తీరదనడానికి ఇదే రుజువు. నేడు కలాన్ని ఆపడానికి కత్తే అక్కరలేదు, జీతమూ ప్రకటనలూ చాలు. అందుకే ‘నేడు ఎవరి పక్షాన రాస్తున్నాం’ అనే ప్రశ్న రచయితలుగా మనల్ని వదలదు.