స్థానిక వార్తల ఆన్‌లైన్ రాబడి

ఒక జిల్లాకో మండలానికో పరిమితమైన వార్తలను వెబ్‌సైట్లు, యాప్‌లు, యూట్యూబ్ ఛానెళ్ల ద్వారా అందించేవారు ఆ పనికయ్యే ఖర్చును రాబట్టుకునే పద్ధతులు ముఖ్యంగా మూడు: చూపుల, క్లిక్కుల లెక్కన ప్రకటన నెట్‌వర్కులు చెల్లించే సొమ్ము, స్థానికంగా సేకరించే ప్రకటనలు, పాఠకుల చందా. తెలుగులో చర్చంతా మొదటిదాని చుట్టూ తిరుగుతుంది. ఊరి వార్తను ఇన్నాళ్లూ మోసుకొచ్చింది మాత్రం రెండోదే.

జిల్లా పేజీల వారసత్వం

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలను టాబ్లాయిడ్ రూపంలో తెచ్చింది. తర్వాత మిగతా దినపత్రికలూ అదే బాట పట్టాయి. పత్రికల మధ్య పోటీయే ఇందుకు కారణమని కొందరంటారు. 'ఇండియాస్ న్యూస్‌పేపర్ రెవల్యూషన్' (2000) రాసిన రాబిన్ జెఫ్రీ ప్రకటనల కోణాన్ని ముందుకు తెచ్చాడు. ఈ రెండో వివరణే పరిణామాలకు బాగా సరిపోతుంది. రాష్ట్రమంతటికీ రేటు కట్టలేని బట్టల దుకాణం, నర్సింగ్ హోం, ట్యుటోరియల్ కాలేజీ తమ జిల్లా వరకే డబ్బు చెల్లించి ప్రకటన వేయించుకునే వీలు అలా కలిగింది.

ఆ పేజీలను నింపింది మండల కంట్రిబ్యూటర్లు. వీరిలో అత్యధికులకు జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే 'లైన్ అకౌంట్', తెచ్చిన ప్రకటన మీద కమీషన్, ఇవే వారి రాబడి. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు, పత్రిక వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్లు పడతాయి. ఎవరి పనితీరు మీద వార్త రాయాలో వారినే ప్రకటన అడగాల్సి రావడం ఈ ఏర్పాటులోని అసలు దోషం. దాన్ని కంట్రిబ్యూటర్ స్వభావానికి అంటగట్టడం అన్యాయం.

2009 ఎన్నికల్లో అభ్యర్థులకు వార్తలనే అమ్మారన్న ఆరోపణలపై ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే జరిపింది. చేతులు మారిన సొమ్ము ఎంతన్న దానిపై అంచనాలకు పొంతన లేదు. క్షేత్రంలో తిరిగి చేసినది కనుక సంఘం సర్వేనే ఎక్కువగా ఉదాహరిస్తారు. ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి 2010లో పూర్తి నివేదిక సిద్ధం చేస్తే, కౌన్సిల్ మొదట దాని క్లుప్తరూపాన్నే వెలువరించింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, పూర్తి పాఠం బయటికొచ్చింది.

క్లిక్కుల లెక్క

గూగుల్ యాడ్‌సెన్స్ తమిళాన్ని 2018 ఫిబ్రవరిలో, తెలుగును అదే ఏడాది జూన్‌లో తన భాషల జాబితాలో చేర్చింది. అంతకుముందే కొన్ని తెలుగు సైట్లలో గూగుల్ ప్రకటనలు కనిపించేవని చెబుతారు కనుక దీన్ని అధికారిక ఆమోదపు తేదీగానే తీసుకోవడం మేలు. క్లిక్కుకు కాక, ప్రకటన తెర మీద కనిపించినదాన్ని బట్టి చెల్లించే పద్ధతికి మారుతున్నట్టు 2023 నవంబరులో సంస్థ ప్రకటించింది. ప్రచురణకర్తల వాటా మొత్తం మీద మునుపటిలాగే దాదాపు 68 శాతం ఉంటుందని చెప్పింది. యూట్యూబ్‌లో మామూలు వీడియోల ప్రకటనల రాబడిలో ఛానెల్‌కు 55 శాతం దక్కుతుంది. మామూలు వీడియోలతోనే ఆ వాటాకు అర్హత పొందాలంటే 2018 నుంచి కనీసం వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి.

ఏ పద్ధతైనా పెద్ద గుంపుకే డబ్బు. యాభై వేల జనాభా ఉన్న మండలంలో చెరువు గండి వార్తను ప్రతి ఒక్కరూ చదివినా చూపులు యాభై వేలు దాటవు. సినిమా తార పెళ్లి వార్తకు అలాంటి హద్దు లేదు. జిల్లా ఛానెళ్లు సైతం సినిమా, రాశిఫలాల వైపు జరిగిపోవడానికి మూలం ఇక్కడుంది.

ఈ హద్దును దాటడానికి యాప్‌లు వేర్వేరు దారులు వెతికాయి. హైదరాబాదులో 2006లో ఉచిత సందేశాల సేవగా పుట్టిన వేటూఎస్‌ఎంఎస్ తర్వాత చిన్న వార్తల వేటూన్యూస్‌గా మారింది. 2022లో వెస్ట్‌బ్రిడ్జ్ క్యాపిటల్ నాయకత్వంలో 1.675 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. జానీ పాషా, విపుల్ చౌదరి 2018లో మొదలుపెట్టిన లోకల్ యాప్ తెలుగుతో ఆరంభమై తమిళానికీ విస్తరించింది. ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు, శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి వంటి చిన్న ప్రకటనలను అది ఫోనులోకి తెచ్చింది. 1989 నాటి జిల్లా పేజీ వ్యాపారానికి ఇది నేరు వారసురాలు.

చందా గోడ

న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో, ది హిందూ 2019లో చందా కట్టినవారికే పూర్తి ప్రవేశం అన్న పద్ధతికి మారాయి. తెలుగు దినపత్రికల సైట్లలో వార్తలు చాలావరకు ఉచితమే. పన్ను కూడా ఈ దారికి అడ్డే: జీఎస్టీలో అచ్చు పత్రికకు పన్ను లేదు, ఆన్‌లైన్ వార్తల చందాకు 18 శాతం. అచ్చు ప్రకటన స్థలానికి 5 శాతమైతే డిజిటల్ ప్రకటనకు 18.

సరిహద్దు అవతల

తమిళనాడు ధర్మపురి జిల్లాలో, కావేరి పక్కన, పెన్నాగరం ప్రాంతంలోని ఏరియూరు వంటి చోట్ల చూపుల లెక్క ఇంకా చిక్కిపోతుంది. తమిళ దినపత్రిక దినమణికి ధర్మపురి సంచిక ఉంది కనుక స్థానిక వార్త తమిళంలో దొరుకుతుంది. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగు కుటుంబాలలో చాలామంది చదివేదీ తమిళ లిపే. ఈనాడుకు చెన్నై, బెంగళూరు సంచికలున్నా అవి నగరాలను ఆనుకున్నవి. ఊరు చిన్నది, అందులో తెలుగు చదివేవారు మరీ కొద్దిమంది: ఇలాంటిచోట తెలుగు వార్తకు ప్రకటన నెట్‌వర్కు ఖర్చులు కట్టి ఇవ్వదు.

వాటాల వివాదం

ఈనాడు సభ్యురాలిగా ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదుపై, గూగుల్ ప్రకటనల రాబడి పంపకం మీద దర్యాప్తు జరపాలని కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో ఆదేశించింది. కంట్రిబ్యూటర్ల సంగతి వేరే చట్టంలో ఉంది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి డిజిటల్ మాధ్యమాన్నీ తెచ్చింది. పార్ట్‌టైం వారికీ అందులో చోటుంది. అయితే పాత్రికేయమే ప్రధాన వృత్తి అయి ఉండాలన్న షరతు 1955 చట్టం నుంచి అలాగే కొనసాగుతోంది. వార్తల రాబడి చాలక వ్యవసాయమో బీమా ఏజెన్సీయో చేసుకుంటున్న మండల విలేకరి, ఆ షరతు దగ్గరే ఆగిపోతాడు.