రిలక్టెంట్ అంటే ఏంటి మేష్టారూ?

చోడవరంలో చదువుకునేటప్పుడు ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టేవాణ్ణి. రిలక్టెంట్ అంటే 'విముఖుడైన'. మరి విముఖుడంటే? మా ఇంట్లో ఎవరూ అనని మాట! నా పక్కవాడు అక్కడే ఇంగ్లీషుకి దణ్ణం పెట్టేశాడు.

ఈ తిప్పలు కొత్తవి కావు. 1906-07 ప్రాంతంలో మన వైపు బడుల్ని చూసిన ఇన్స్పెక్టరు దొర జె.ఎ.యేట్స్, జనం తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఆయనకి గిడుగు రామమూర్తి, గురజాడల పేర్లు చెప్పారు. వాడుకభాషా ఉద్యమం అలా ఊపందుకుంది. పండితులు ఊరుకుంటారా! అయినా గిడుగు వారు తగ్గలేదు, 1919లో 'తెలుగు' అని పత్రికే పెట్టారు.

ఆయన పత్రికల్లో గెలిచారు గానీ ఇంగ్లీషు గైడ్లలో గెలవలేదేమో అనిపిస్తుంది నాకు. జీఆర్ఈకి చదివినప్పుడు నోట్సులో మా అమ్మ మాటే రాసుకున్నా: రిలక్టెంట్ అంటే 'మనసొప్పని'. మళ్ళీ మర్చిపోలేదు.