గ్యాస్, పెట్రోల్ ట్యాంకర్ నడపాలంటే హెవీ లైసెన్స్ ఒక్కటే సరిపోదు.. డ్రైవర్‌కు ఇంకా ఏమేం ఉండాలంటే?

కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు హైవే మీద కాసేపు నిలబడితే చాలు.. పెట్రోల్, డీజిల్, గ్యాస్ ట్యాంకర్లు వరుసగా కనిపిస్తాయి. ఆయిల్ కంపెనీల టెర్మినళ్లు ఉన్నది అక్కడే. అక్కడ లోడ్ ఎత్తిన బండ్లు గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వైపు బంకుల దాకా వెళ్తాయి. డెల్టాలోని ఐస్ ఫ్యాక్టరీలకు అమ్మోనియా, నీటి శుద్ధి ప్లాంట్లకు క్లోరిన్ కూడా రోడ్డు మీదే వస్తాయి. మరి ఆ స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్‌ను ఎవరు చెక్ చేస్తారు? ఏం చూస్తారు?

2024 డిసెంబర్ 20న జైపూర్‌లో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. అజ్మీర్ హైవేపై యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను లారీ ఢీకొట్టింది. గ్యాస్ లీకై మంటలు అంటుకున్నాయి. పదుల సంఖ్యలో వాహనాలు కాలిపోయాయి. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి.

రూల్ 9 ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని రూల్ 9 ఈ డ్రైవర్ల కోసమే ఉంది. దాని ప్రకారం..

- ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడిపే లైసెన్స్ ఉండాలి.
- రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం రావాలి.
- ప్రమాదకర సరుకు రవాణాపై 3 రోజుల శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.
- ఆ సర్టిఫికెట్ చూపించి రవాణా శాఖ దగ్గర లైసెన్స్‌పై ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి.

గతంలో ఈ లైసెన్స్ గడువు ఏడాది మాత్రమే. 2019 సవరణ చట్టం దాన్ని 3 ఏళ్లకు పెంచింది. మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు 5 ఏళ్లు ఉంటే దీనికి 3 ఏళ్లే. డ్రైవర్లు తేదీ మర్చిపోయి దొరికిపోయేది ఇక్కడే.

నేర చరిత్ర చూస్తారా?

అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వచ్చిన చట్టంతో, ప్రమాదకర సరుకు నడిపే డ్రైవర్ వేలిముద్రలు ఇచ్చి భద్రతా తనిఖీ పాస్ కావాలి. నేర చరిత్ర, ఇమ్మిగ్రేషన్ స్టేటస్, ఉగ్రవాద జాబితాలు అన్నీ చూస్తారు. 5 ఏళ్లకోసారి మళ్లీ అదే తతంగం.

మన రూల్ 9 మాత్రం చదువు, శిక్షణ గురించే మాట్లాడుతుంది. అలాగని అడ్డే లేదనుకోవద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 19 ప్రకారం అలవాటుగా నేరాలు చేసేవాళ్లు, తాగుబోతులు, డ్రగ్స్‌కు బానిసలైనవాళ్ల లైసెన్స్‌ను అధికారులు రద్దు చేయొచ్చు. వాహనాన్ని నేరానికి వాడినా అంతే. అయితే ఇదంతా విషయం బయటపడ్డాక తీసుకునే చర్య. ముందే పట్టుకునే పని ఎక్కువగా ఆయిల్ కంపెనీల మీదే పడుతోంది. ట్యాంకర్ సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ కావాలని అవి కాంట్రాక్టుల్లోనే షరతు పెడతాయి. అలాంటి షరతు లేని చిన్న లోడ్ల దగ్గర డ్రైవర్ గురించి తెలుసుకోవాల్సింది బండి ఓనరే.

క్యాబిన్‌లో ఏం ఉండాలి?

సరుకు పంపేవాళ్లు దాని ప్రమాదమేంటో, లీకైతే ఏం చేయాలో రాసి ఇవ్వాలి. దాన్నే ట్రెమ్ కార్డు అంటారు. అది ఎప్పుడూ డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి. చదవడం రావాలనే రూల్ ఎందుకంటే ఇందుకే.. ప్రమాదం జరిగిన మొదటి నిమిషాల్లో ఆ కార్డు చదవగలిగేది డ్రైవర్ ఒక్కడే.

బండికి రెండు పక్కలా, వెనుకా ఎమర్జెన్సీ ప్యానెల్ ఉండాలి. అందులో సరుకు పేరు, యూఎన్ నంబర్, ఫోన్ నంబర్లు ఉంటాయి. పెట్రోల్‌కు 1203, డీజిల్‌కు 1202, ఎల్పీజీకి 1075, క్లోరిన్‌కు 1017, అమ్మోనియాకు 1005.

ప్రమాదం జరిగితే డ్రైవర్ వెంటనే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు, ఓనర్‌కు చెప్పాలి. ఇది రూల్ 136. డ్రైవర్‌కు సరైన శిక్షణ అందిందని చూడాల్సిన బాధ్యత రూల్ 135 కింద ఓనర్‌ది.

పట్టుబడితే?

సెక్షన్ 190(3) ప్రకారం ప్రమాదకర సరుకు నిబంధనలు ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10 వేల జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్స్‌పై వేటు, లేదా ఏడాది దాకా జైలు.. రెండూ కూడా పడొచ్చు. రెండోసారి అయితే రూ.20 వేలు, 3 ఏళ్ల దాకా జైలు. నడిపినవాళ్లకే కాదు, నడిపించినవాళ్లకూ వర్తిస్తుంది. ట్యాంకర్ డ్రైవర్‌కు 3 నెలలు బండి లేదంటే ఇంట్లో పొయ్యి వెలగనట్టే.

రోడ్డు మీద ట్యాంకర్ బోల్తా పడితే..

- బకెట్లు, డబ్బాలు పట్టుకుని పెట్రోల్ కోసం అస్సలు వెళ్లొద్దు.
- గాలి వచ్చే వైపుకు దూరంగా జరగండి. ఎల్పీజీ, క్లోరిన్ గాలి కంటే బరువు. కాలువ గట్ల కింద, పల్లపు చోట్ల పేరుకుంటాయి.
- బండ్లు స్టార్ట్ చేయొద్దు, సిగరెట్ వెలిగించొద్దు, వీడియో కోసం దగ్గరికి పోవద్దు.
- దూరం నుంచే కనిపిస్తే ప్యానెల్ మీద నంబర్ చూసి 112కి గానీ, 101కి గానీ చెప్పండి. ఆ నాలుగు అంకెలు చెబితే లోపల ఏముందో ఫైర్ సిబ్బందికి వచ్చేలోపే తెలిసిపోతుంది.