ఇంటి పైకప్పు సౌర విద్యుత్తు: కొనుగోలుకు, రుణానికి చట్టం ఇచ్చిన రక్షణలు

సరిహద్దు గ్రామాల్లో సరుకు ఒక రాష్ట్రం నుంచి, కరెంటు మరొక రాష్ట్రం నుంచి రావడం కొత్త కాదు. పావగడ కుటుంబం హిందూపురంలో ఇంటి సామగ్రి కొంటుంది. పర్లాకిమిడి వారు పాతపట్నం అంగడికి వస్తారు. సిరొంచ వారు నది దాటి మంచిర్యాలకు, యానాం వారు కాకినాడకు వెళతారు. ఫ్యాను, ఫ్రిజ్ వంటి వాటికి ఈ అలవాటు చెల్లుతుంది. సౌర ఫలకాల సంగతి వేరు. అవి మీటరుకు, మీటరు ద్వారా విద్యుత్ సంస్థకు ముడిపడి ఉంటాయి కనుక, ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నదో ఆ రాష్ట్రపు నిబంధనలే వర్తిస్తాయి. పావగడకు బెస్కాం, సిరొంచకు మహావితరణ్, యానాంకు పుదుచ్చేరి విద్యుత్ శాఖ. పక్క రాష్ట్రపు దుకాణదారుడు తన ఊళ్లో ఎంత పేరున్నవాడైనా, కొనుగోలుదారు రాష్ట్రంలో నమోదైన విక్రేత కాకుంటే ఆ ఇంటికి కేంద్ర రాయితీ రాదు. బయానా ఇచ్చే ముందే జాతీయ పోర్టల్‌లోని విక్రేతల జాబితాలో అతని పేరును సరిచూసుకోవాలి.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఆమోదం పొందింది. రాయితీ 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు. 3 కిలోవాట్లకు, అంతకు మించినా, మొత్తం 78,000 రూపాయలే. ఫలకాలు, వాటిలోని సెల్‌లు దేశంలో తయారైనవై ఉండాలి. చౌకగా దొరికిన దిగుమతి ఫలకాలను బిగిస్తే రాయితీ పోతుంది. కనుక ఫలకం రకం, తయారీదారు, సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకోవడం అవసరం.

ఈ రాయితీ విక్రేతకు చేరదు. వ్యవస్థ పనిచేయడం మొదలై, తనిఖీ ముగిసిన తరువాత వినియోగదారుని బ్యాంకు ఖాతాలోనే జమ అవుతుంది. “రాయితీ మేమే తెచ్చుకుంటాం, ఓటీపీ చెప్పండి” అనే మనిషిని గుమ్మంలోనే ఆపడం మంచిది. విద్యుత్ కనెక్షన్ తాతగారి పేరిట ఉండి, దరఖాస్తు మనుమడి పేరిట వెళ్లినా చిక్కే. ఆధార్‌లో ఒక విధంగా, కన్నడ, ఒడియా లేదా తమిళ బిల్లులో మరొక విధంగా పేరు ఉండడం మన ఊళ్లలో మామూలు. కనెక్షన్ పేరు మార్పు ముందుగా ముగించుకుంటే తరువాతి తిరుగుడు తప్పుతుంది.

ఉచిత విద్యుత్తు అన్న మాటను బట్టి బిల్లు సున్నా అవుతుందని అనుకోరాదు. ఒక కిలోవాటు వ్యవస్థ ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. వానాకాలంలో తగ్గుతుంది. స్థిర చార్జీలు ఎలాగూ ఉంటాయి. విక్రేత నోటిమాటగా చెప్పిన ఆదా లెక్కను కాగితంపై రాసి సంతకం చేయమంటే చాలు, అతని ధీమా ఎంతో తెలుస్తుంది. పథకం కింద 5 సంవత్సరాల నిర్వహణ బాధ్యత విక్రేతదే. ఇది ఒప్పందంలో ఉండాలి.

విద్యుత్ సంస్థకూ గడువులున్నాయి. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించారు. దాని ప్రకారం 10 కిలోవాట్ల వరకు దరఖాస్తును సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్లు భావించాలి. బిగింపు పూర్తయినట్లు పత్రం సమర్పించిన 15 రోజుల్లో మీటరు అమర్చి వ్యవస్థను ప్రారంభించాలి. 5 కిలోవాట్ల వరకు లైను బలోపేతం అవసరమైతే ఆ ఖర్చు సంస్థదే. జాప్యం జరిగితే సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకుంటే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

అసలు ప్రమాదం అప్పులో ఉన్నది. రుణం బ్యాంకుతో, సరుకు విక్రేతతో. ఇవి రెండు వేర్వేరు ఒప్పందాలు. ఫలకాలు పనిచేయకపోయినా నెలసరి వాయిదా ఆగదు, ఆపితే రుణ చరిత్ర చెడుతుంది. బ్యాంకు సొమ్ము తరచుగా నేరుగా విక్రేత ఖాతాకే వెళుతుంది. కనుక మీటరు తిరిగి, కరెంటు ఉత్పత్తి కంటితో చూడకముందే “పని పూర్తయినది” అన్న పత్రంపై సంతకం చేయడం కొనుగోలుదారు చేతిలోని ఏకైక పట్టును వదులుకోవడమే.

2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి కొత్త గృహ వినియోగ రుణానికి ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని రుసుములు కలిపిన వార్షిక వ్యయ శాతం అందులో ఉంటుంది. పత్రంలో లేని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయరాదు. అంతకంటే మన పాఠకులకు ముఖ్యమైనది ఒకటుంది: ఆ పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగులో కావాలని అడగడం దబాయింపు కాదు, హక్కు. ఫిర్యాదుపై బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చినది తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

విక్రేత మోసగిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. పాత 1986 చట్టం కింద సాధారణంగా ఎదుటిపక్షం ఉన్నచోటో, వివాదం తలెత్తిన చోటో కేసు వేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారుడు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. దుకాణం గీతకు ఆవల ఉన్నదని వెనుకంజ వేయనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకైతే రుసుము లేదు. ఇంటి వ్యవస్థలు దాదాపు అన్నీ ఈ పరిధిలోకే వస్తాయి. బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార విధానం. తీర్పు పొందడం ఒక ఎత్తు, పొరుగు రాష్ట్రపు విక్రేత నుంచి సొమ్ము రాబట్టడం మరొక ఎత్తు. అందుకే బిల్లుపై అతని పూర్తి చిరునామా, జీఎస్‌టీ నంబరు ఉండేలా చూసుకోవాలి. నగదుకు బదులు బ్యాంకు ద్వారా చెల్లించాలి.

కేసుకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో తెలుగులోనూ మాట్లాడవచ్చు. కేంద్రం విక్రేతతో సంప్రదిస్తుందే తప్ప తీర్పు ఇవ్వదు. ఆ సంప్రదింపులు సాగుతున్నాయని కాలయాపన చేయరాదు, వివాదం తలెత్తిన 2 సంవత్సరాల్లోపు కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి.