సిల్క్ అనేది ఆమె పేరు కాదు

ఈ ఎపిసోడ్ శ్రీ సిటీలో నా రూమ్ నుంచే. ఇక్కడ తడ స్టేషన్లో లోకల్ ఎక్కితే చెన్నై. ఒకప్పుడు మన తెలుగు సినిమా అంతా అక్కడి కోడంబాక్కంలోనే తీసేవాళ్ళు. ఆ ఊరికి వెళ్ళిన ఒక అమ్మాయి కథ ఇది.

ఏలూరు దగ్గర కొవ్వలి. 1960లో ఒక పేదింట్లో విజయలక్ష్మి పుట్టింది. నాలుగో క్లాసుతో చదువు ఆగింది. చిన్న వయసులోనే పెళ్ళి చేసేశారు, ఆ కాపురం నిలవలేదు. మద్రాసు వచ్చేసింది. మొదట ఏం పని చేసిందో తెలుసా? టచప్. హీరోయిన్ ముఖానికి చెమట పడితే పౌడర్ అద్దే పని.

1980లో 'వండిచక్కరం' అనే తమిళ సినిమాలో సారా కొట్టు అమ్మాయి వేషం దొరికింది. ఆ పాత్ర పేరు సిల్క్. సినిమా ఆడింది, పేరు అతుక్కుపోయింది. మనం ఇప్పటికీ సెర్చ్ చేసేది ఆ పాత్ర పేరునే.

అది డిస్కో టైమ్. అమెరికాలో డోనా సమ్మర్ పాడేదీ తనే, స్టేజ్ మీద కనపడేదీ తనే. మన దగ్గర అలా కాదు, పాడేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు. 1982లో వచ్చిన 'మూండ్రాం పిరై' తీసుకోండి, మనకి 'వసంత కోకిల'గా తెలుసు. అందులో కమల్ హాసన్‌తో స్మిత డాన్స్ పాట ఉంది. ట్యూన్ ఇళయరాజా. తమిళంలో పాడింది ఎస్. జానకి, ఆవిడది అప్పటి గుంటూరు జిల్లా పల్లపట్ల. అంటే గొంతూ తెలుగే, స్టెప్పూ తెలుగే, పాట మాత్రం తమిళం! కానీ పాడినావిడ మనకి జానకమ్మ. ఆడినావిడని ఎవరైనా స్మితమ్మ అన్నారా? ఆ పాటలో మత్తు సగం గొంతులోనే ఉంది కదా. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

యాక్టింగ్ రాదనుకుంటే, 1981 భారతీరాజా సినిమా 'అలైగళ్ ఓయ్‌వదిల్లై' చూడండి. డాన్సర్ వేషం కాదు, ఒక ఇంటి ఇల్లాలు. అలాంటి పాత్రలు తర్వాత పెద్దగా ఇవ్వలేదు. పాటకి పిలవడం, పోస్టర్ మీద బొమ్మ వేసుకోవడం, అంతే.

1996 సెప్టెంబర్ 23న చెన్నైలో తన ఇంట్లో చనిపోయింది. 35 ఏళ్ళు. 2011లో ఆమె జీవితం నుంచి చాలా తీసుకుని 'ది డర్టీ పిక్చర్' తీశారు, విద్యా బాలన్‌కి నేషనల్ అవార్డు వచ్చింది.

మా ఇంట్లో ఆమె పాట వస్తే అమ్మ ఛానెల్ మార్చేసేది. నిన్న ఫోన్ చేసి, "అమ్మా, ఆమె అసలు పేరు తెలుసా?" అనడిగా. తెలీదంది. పోయిన వారం దాకా నాకూ తెలీదు.

నెక్స్ట్ ఎపిసోడ్ జయమాలిని గారి మీద. ఉంటా మరి.